మూత్రంలో మంట: అది మూత్రాశయం పనేనా?

ఒక మూత్ర పరీక్ష రిపోర్టు మీ చేతిలో ఉందనుకోండి. చీము కణాల ఎదురుగా 15–20 అని ఉంది. మామూలుగా ఐదు లోపే ఉండాలి. కింద కల్చర్ (మూత్రంలో బాక్టీరియా ఉంటే పెంచి చూసే పరీక్ష) దగ్గర మాత్రం బాక్టీరియా ఏదీ పెరగలేదని రాశారు. రిపోర్టు పాతికేళ్ల అమ్మాయిది. రెండు వారాలుగా మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ మంట. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అనుకుని మూడు రోజులు యాంటీబయాటిక్ వేసుకుంది. తగ్గలేదు. మందు ఆపిన వారానికి పరీక్ష చేయిస్తే ఈ కాగితం వచ్చింది. పై వరసేమో ఇన్‌ఫెక్షన్ ఉందంటోంది, కింది వరసేమో లేదంటోంది.

ల్యాబ్ వాళ్ల పొరపాటేమీ లేదు. రెండు వరసలూ నిజమే. చీము కణాలు కనిపించాయంటే శరీరం ఏదో ఒక క్రిమితోనో, వాపుతోనో పోరాడుతోందన్నమాట. ఆ పోరాటం మూత్రాశయంలోనే జరుగుతోందని రిపోర్టు ఎక్కడా చెప్పలేదు. ఆ మాట మనం కలుపుకున్నది.

మంట, దురద, తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి... అన్నిటికీ మనం "ఒంట్లో వేడి చేసింది" అనేస్తాం. మిగతాది చెప్పడానికి సిగ్గు. ఆ ఒక్క మాట వెనక కనీసం నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు, పైగా కొన్నిసార్లు దాన్ని ముదరబెడుతుంది. ఇంత మామూలు బాధకు ఇంతమంది నెలల తరబడి తప్పు మందు వాడుతున్నారంటే, మూత్ర వ్యవస్థ ఎక్కడ ఆగుతుందో, పునరుత్పత్తి వ్యవస్థ ఎక్కడ మొదలవుతుందో మనకెవరూ సరిగ్గా చెప్పకపోవడమే అందుకు పెద్ద కారణమని నా నమ్మకం.

పుట్టకముందు నుంచీ ఉన్న చుట్టరికం

ఈ రెండు వ్యవస్థలు చేసే పనుల్లో పోలికే లేదు. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపేసి, లీటరున్నర నుంచి రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి వదులుతాయి. రెండో వ్యవస్థ పని సంతానం. మరి ఈ రెండూ ఒకేచోట ఎందుకు ఇరుక్కున్నాయి?

పిండం ఏర్పడే తొలి వారాల్లో రెండూ ఒకే కణజాలపు పట్టీ నుంచి పుడతాయి. అసలు కిడ్నీలు తయారయ్యేలోపు పిండంలో ఒక తాత్కాలిక కిడ్నీ ఉంటుంది. దాని నుంచి కిందికి దిగే గొట్టాన్ని ఉల్ఫ్ నాళం అంటారు. 1759లో పిండం ఎదుగుదల మీద సిద్ధాంత గ్రంథం రాసిన జర్మన్ శాస్త్రవేత్త కాస్పర్ ఫ్రీడ్రిక్ ఉల్ఫ్ పేరు మీద వచ్చిన పేరిది. తాత్కాలిక కిడ్నీ పని అయిపోయి కరిగిపోతుంది. దాని గొట్టాన్ని మాత్రం మగపిండంలో శరీరం పారేయదు. వృషణం నుంచి వీర్యకణాలను మోసే శుక్రవాహికగా మార్చుకుంటుంది. అదే గొట్టం పక్కన మొలిచిన చిన్న మొగ్గ నుంచి అసలు కిడ్నీని మూత్రాశయంతో కలిపే మూత్రనాళం పుడుతుంది. ఆడపిండంలో ఉల్ఫ్ నాళం చాలావరకు ఎండిపోతుంది. దాని పక్కనే సాగే ముల్లర్ నాళాల నుంచి ఫాలోపియన్ నాళాలు (అండాన్ని గర్భాశయానికి చేర్చే గొట్టాలు), గర్భాశయం, యోని పైభాగం ఏర్పడతాయి.

ఇది పాఠ్యపుస్తకంలో చదివి వదిలేసే సంగతి కాదు. ఒక్క కిడ్నీతోనే పుట్టిన ఆడపిల్ల ఉందంటే, ఆమె గర్భాశయం ఎలా ఉందో కూడా చూడాలి. సగమే ఏర్పడిన గర్భాశయం, రెండుగా చీలిన గర్భాశయం అలాంటి వాళ్లలో ఎక్కువ. పిల్లలు కలగడం లేదని వెళ్లిన మగవాడికి పుట్టుకతోనే ఒకవైపు శుక్రవాహిక లేదని తేలితే, కడుపు స్కాన్ చేసి ఆ పక్క కిడ్నీ ఉందో లేదో చూస్తారు.

వృషణాలు కూడా మొదట పొట్టలో, కిడ్నీల దాపునే పుట్టి, రక్తనాళాలనూ నరాలనూ వెంట లాక్కుంటూ కిందికి దిగుతాయి. అందుకే కిడ్నీలో రాయి కదిలినప్పుడు పుట్టే నొప్పి నడుం నుంచి గజ్జల్లోకి, వృషణంలోకి పాకుతుంది. వృషణానికి ఏమీ కాలేదు, నరాల దారి ఒకటే అంతే. ఎడమ వృషణం నుంచి వచ్చే సిర నేరుగా ఎడమ కిడ్నీ సిరలో కలుస్తుంది. వృషణం చుట్టూ సిరలు ఉబ్బే వెరికోసీల్ ఎక్కువగా ఎడమవైపే రావడానికి ఇదొక కారణం. కుడివైపు ఒక్కదానికే ఉన్నట్టుండి వచ్చినా, పడుకున్నా ఆ ఉబ్బు తగ్గకపోయినా డాక్టర్లు కిడ్నీ వైపు చూస్తారు.

దారి ఒకటా, రెండా?

మగవాళ్లలో చివరి దారి ఒకటే. సుమారు 18 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్న ఆ గొట్టంలోంచే మూత్రమూ వస్తుంది, వీర్యమూ వస్తుంది. రెండూ కలవకుండా మూత్రాశయం మెడ దగ్గర ఒక కండరం తలుపులా పనిచేస్తుంది. వీర్యస్ఖలన సమయంలో అది గట్టిగా మూసుకుంటుంది. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నా, మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథికి ఆపరేషన్ జరిగాకా, ప్రొస్టేట్ ఉబ్బుకు ఇచ్చే టామ్సులోసిన్ లాంటి మందులు వాడుతున్నప్పుడూ ఆ తలుపు సరిగ్గా పడకపోవచ్చు. అప్పుడు వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. ఆరోగ్యానికి దానివల్ల ముప్పేమీ లేదు, పిల్లలు కావాలనుకునేవాళ్లకే ఇబ్బంది. మూత్రం ఒక్కోసారి తెల్లగా మసకగా వస్తే వీర్యం పోతోందని కుంగిపోయేవాళ్లున్నారు. చాలాసార్లు అది ఫాస్ఫేట్ లవణాల వల్ల వచ్చే మసక. పరీక్షలో అంతా మామూలుగా ఉంటే దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఆడవాళ్లలో దారులు వేరు. ముందు మూత్రద్వారం, దాని వెనక యోని, ఆ వెనక మలద్వారం. మొత్తం మూడు. ఇది తెలియని పెద్దవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల తప్పేమీ లేదు. పుస్తకాల్లో బొమ్మలన్నీ పక్కనుంచి నిలువుగా కోసినట్టు చూపిస్తాయి. బయటినుంచి చూస్తే ఏది ఎక్కడుందో వాటిని చూసి పోల్చుకోవడం కష్టం. మూత్రద్వారం నుంచి మూత్రాశయం దాకా ఉన్న గొట్టం పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లే, అంటే చిటికెన వేలిలో సగానికి కాస్త ఎక్కువ. మలద్వారం దగ్గర మామూలుగా బతికే బాక్టీరియా యోని ముఖం మీదుగా పాకి ఆ కొద్ది దూరం ఎక్కితే చాలు, మూత్రాశయం చేరినట్టే. ఆడవాళ్లలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ వస్తుందంటే కారణం శుభ్రత లేకపోవడం కాదు. శరీర నిర్మాణమే అలాంటిది.

కాపలా ఎవరిది?

మామూలు మూత్రాశయ ఇన్‌ఫెక్షన్లలో నూటికి 75 నుంచి 90 దాకా ఇ. కోలి అనే ఒక్క బాక్టీరియా వల్లే వస్తాయి. పేగుల్లో ఉన్నంతవరకు దానివల్ల మనకే ఇబ్బందీ లేదు. మూత్రాశయం చేరే రకాలకు ఒంటినిండా సన్నని నూగులాంటి పోగులుంటాయి. వాటి కొసన ఉన్న ప్రొటీన్ మూత్రాశయం గోడ మీది చక్కెర అణువులకు కొక్కెంలా తగులుకుంటుంది. అందుకే మూత్రం ధారగా పోతున్నా అది కొట్టుకుపోదు.

అయినా ప్రతి ఆడమనిషికీ ప్రతి నెలా ఇన్‌ఫెక్షన్ రాదు. ఎందుకంటే దారిలో కాపలా ఉంది. ఆ కాపలా మూత్ర వ్యవస్థది కాదు, పునరుత్పత్తి వ్యవస్థది. రెండింటి మధ్య సంబంధంలో అన్నిటికంటే అందమైన సంగతి నాకు ఇదే అనిపిస్తుంది. ఈస్ట్రోజన్ హార్మోన్ వల్ల యోని గోడల్లో గ్లైకోజన్ అనే పిండి పదార్థం నిల్వ ఉంటుంది. దాని ఆధారంగా లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బాక్టీరియా బతుకుతూ లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. దాంతో యోనిలో పి.హెచ్. 3.8 నుంచి 4.5 మధ్య, అంటే పుల్లగా ఉంటుంది. ఆ పులుపులో ఇ. కోలి స్థిరపడలేదు. అండాశయం పంపిన హార్మోన్ యోనిలో ఒక బాక్టీరియాను పోషిస్తే, అది మూత్రాశయానికి కాపలా కాస్తోంది.

కాపలా ఎప్పుడెప్పుడు పోతుందో చూస్తే చాలా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. బహిష్టులు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గుతుంది, లాక్టోబాసిల్లస్ తగ్గుతుంది, పులుపు తగ్గుతుంది. అరవై ఏళ్లు దాటాక పదేపదే మూత్ర ఇన్‌ఫెక్షన్లు రావడం వెనక ఉన్నది తరచూ ఇదే. అలాంటివాళ్లకు ప్రతిసారీ యాంటీబయాటిక్ రాస్తూ పోవడం కంటే, యోనిలో రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ ఇస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ముందు తమ క్యాన్సర్ డాక్టర్‌ని అడగాలి. ఈ చికిత్స ఒకటుందని తెలియక ఏళ్ల తరబడి బాధపడేవాళ్లు ఎంతోమంది. యోని పొడిబారడం, మూత్రం ఆపుకోలేకపోవడం, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్ రావడం మూడు వేర్వేరు జబ్బులనుకుని మూడుచోట్లకు తిరుగుతారు. 2014 నుంచి వైద్యులు వీటన్నిటికీ కలిపి ఒకే పేరు వాడుతున్నారు, ఎందుకంటే మూలం ఒకటే.

యాంటీబయాటిక్ కూడా కాపలాను చంపవచ్చు. మూత్రాశయంలో ఇ. కోలిని చంపడానికి వేసుకున్న మాత్ర కొన్నిసార్లు యోనిలో లాక్టోబాసిల్లస్‌నీ చంపుతుంది. ఖాళీ అయిన చోట క్యాండిడా అనే ఫంగస్ పెరుగుతుంది. మంట తగ్గిందనుకున్న వారానికి దురద మొదలవుతుంది, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట అవుతుంది. ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టిందనుకుని మళ్లీ అదే యాంటీబయాటిక్ వేసుకుంటే ఫంగస్‌కు ఇంకా చోటు దొరుకుతుంది. యోని లోపల సబ్బుతోనో, ప్రత్యేక ద్రావణాలతోనో కడుక్కోవడం వల్ల కూడా ఈ కాపలా దెబ్బతింటుంది. లోపల కడగాల్సిన అవసరమే లేదు. బయట మామూలు నీళ్లు చాలు.

మధుమేహానికి వాడే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు రక్తంలో చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి. ఆ తీపి మూత్రం తగిలిన చోట ఆడవాళ్లకూ మగవాళ్లకూ జననాంగాల మీద ఫంగస్ పెరగవచ్చు. మందు కిడ్నీలో పనిచేస్తే దురద ఇంకోచోట. ఈ మాత్రలు మొదలుపెట్టాక దురద వస్తే సిగ్గుపడకుండా ఆ డాక్టర్‌కే చెప్పాలి.

కలయిక తర్వాత వచ్చే మంట

ఇక్కడ కాపురాలు చెదరగొట్టే అపార్థం ఒకటుంది. లైంగిక కలయిక తర్వాత ఒకటి రెండు రోజుల్లో మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ రావడం చాలా మామూలు. ఆ ఒరిపిడికి, ద్వారం దగ్గరున్న బాక్టీరియా ఆ చిన్న గొట్టంలోకి నెట్టుకుపోతుంది. ఆ బాక్టీరియా సాధారణంగా ఆమె పేగుల్లోదే. భర్త ఎవరి దగ్గరికో వెళ్లొచ్చాడనడానికో, భార్య మీద అనుమానపడడానికో ఇది ఆధారం కాదు. ఇది సుఖవ్యాధి కానే కాదు. భర్తకు మందు అక్కర్లేదు. వీర్యకణాలను చంపే క్రీములు, అవి పూసిన కండోములు వాడేవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే ఆ రసాయనం లాక్టోబాసిల్లస్‌నీ చంపుతుంది. గర్భనిరోధక పద్ధతి మార్చుకుంటే చాలాసార్లు సమస్య తగ్గుతుంది.

మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ వల్ల పిల్లలు పుట్టరన్న భయం కూడా చాలామందికి ఉంది. మూత్రాశయం నుంచి గర్భాశయంలోకి దారి లేదు. ఇన్‌ఫెక్షన్ పైకి ఎక్కితే కిడ్నీలోకి ఎక్కుతుంది. అప్పుడు చలి, జ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు వస్తాయి, అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గర్భాశయ ముఖద్వారం గుండా ఎక్కేవి వేరే క్రిములు. క్లమీడియా, గనేరియా లైంగిక కలయిక ద్వారా వస్తాయి. ఇవి రెండు వ్యవస్థల్లోనూ అడుగుపెడతాయి. మూత్రమార్గంలో చేరి మంట పుట్టిస్తాయి, గర్భాశయ ముఖద్వారంలో చేరి నెమ్మదిగా పైకి పాకి ఫాలోపియన్ నాళాలకు మచ్చలు పెడతాయి. సంతానలేమి, నాళంలోనే గర్భం నిలవడం లాంటి ప్రమాదాలు వీటివల్ల వస్తాయి. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. ఉన్న కొద్దిమందిలోనూ కొందరికి కనిపించేది మూత్రంలో కాస్త మంటే. ఆ మంటకు యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని పేరుపెట్టి పంపేస్తే, నాళాలను కాపాడుకునే అవకాశం చేజారుతుంది.

టీబీని కూడా మరిచిపోకూడదు. ఊపిరితిత్తుల నుంచి రక్తం ద్వారా కిడ్నీకి, అక్కడినుంచి మగవాళ్లలో ప్రొస్టేట్‌కీ వృషణం వెనకుండే ఎపిడిడిమిస్‌కీ చేరుతుంది. ఆడవాళ్లలో ఫాలోపియన్ నాళాల్లో, గర్భాశయపు పొరలో కాపురం పెడుతుంది. పిల్లలు కలగకపోవడం ఒక్కటే దాని ఆనవాలు కావచ్చు. నెలల తరబడి మూత్రంలో చీము కణాలుండి, కల్చర్ మాత్రం ఖాళీగా వస్తుంటే టీబీ పరీక్ష అడగాలి. ఆ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు.

మగవాళ్ల సంగతి

గొట్టం పొడవు కాబట్టి వయసులో ఉన్న మగవాళ్లకు మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ అరుదు. వస్తే ఎందుకొచ్చిందో వెతకాలి, మాత్రలిచ్చి ఊరుకోకూడదు. ఎపిడిడిమిస్ వాచి నొప్పి పెడితే, 35 ఏళ్ల లోపు వాళ్లలో ఎక్కువగా క్లమీడియా, గనేరియా కారణం. ఆ వయసు దాటాక మూత్రాశయం నుంచి వెనక్కి పాకిన ఇ. కోలి కారణం. నొప్పి ఒకేచోట, మందులు వేరు. ప్రొస్టేట్ మూత్రమార్గం చుట్టూ ఉంటుంది కాబట్టి, వయసుతో అది ఉబ్బితే దారి ఇరుకై మూత్రం పూర్తిగా ఖాళీ కాదు. నిలిచిన మూత్రంలో బాక్టీరియా పెరుగుతుంది. ప్రొస్టేట్‌కే ఇన్‌ఫెక్షన్ సోకితే చలిజ్వరంతో మనిషి పడిపోతాడు. దానికి రెండు నుంచి నాలుగు వారాల మందు కావాలి. మూత్రాశయానికి చక్కగా పనిచేసే నైట్రోఫ్యూరంటాయిన్ అనే యాంటీబయాటిక్ ప్రొస్టేట్ లోపలికి చాలినంతగా చేరదు.

ఒక హెచ్చరిక. కుర్రవాడికి హఠాత్తుగా ఒకవైపు వృషణంలో భరించలేని నొప్పి వస్తే ఇన్‌ఫెక్షనేమో చూద్దాం అని ఆగవద్దు. వృషణం మెలిపడి ఉండవచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే దాన్ని కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది.

గర్భిణుల లెక్క కూడా వేరు. ప్రొజెస్టిరాన్ మూత్రనాళాలను వదులు చేస్తుంది, పెరిగే గర్భాశయం వాటిని నొక్కుతుంది, మూత్రం నెమ్మదిగా దిగుతుంది. ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉండే గర్భిణులు నూటికి 2 నుంచి 10 మంది. వదిలేస్తే వాళ్లలో నాలుగోవంతు వరకు కిడ్నీ ఇన్‌ఫెక్షన్ బారిన పడవచ్చు. అందుకే గర్భం తొలి నెలల్లోనే మూత్రం కల్చర్ చేయిస్తారు, బాధ లేకపోయినా మందు ఇస్తారు. గర్భం లేని ఆరోగ్యవంతులకు మాత్రం, బాధ ఏమీ లేకుండా రిపోర్టులో బాక్టీరియా కనిపించినంత మాత్రాన మందు అక్కర్లేదు.

డాక్టర్ అడగకపోయినా చెప్పాల్సినవి

మంట ఎక్కడ మొదలవుతోంది? మూత్రం రావడం మొదలవగానే లోపల, పొత్తికడుపు అడుగున మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలు రావడం... ఇది మూత్రాశయం వైపు చూపిస్తుంది. మూత్రం బయటికొచ్చి చర్మానికి తగిలినప్పుడు మండుతూ, దురద, తెల్లబట్ట, వాసన కూడా ఉంటే యోని వైపు చూడాలి. దురదతో తెల్లగా గడ్డగడ్డలుగా అవుతుంటే ఫంగస్ కావచ్చు. పల్చగా బూడిద రంగులో, చేపల వాసనతో అవుతుంటే బాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో మేలుచేసే బాక్టీరియా తగ్గి వేరే బాక్టీరియా పెరగడం) కావచ్చు. నోటితో చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి. చాలాసార్లు ఆ రెండు వాక్యాలు మూత్ర పరీక్ష కంటే ఎక్కువ చెబుతాయి.

శాంపిల్ పట్టే పద్ధతి కూడా ముఖ్యం. ముందు కడుక్కుని, మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలోది డబ్బాలో పట్టాలి. రిపోర్టులో ఎపిథీలియల్ కణాలు ఎక్కువగా ఉంటే శాంపిల్‌లో చర్మం నుంచో, యోని నుంచో కణాలు కలిశాయన్నమాట. అప్పుడు చీము కణాలు కూడా అక్కడివే కావచ్చు. మళ్లీ శాంపిల్ ఇవ్వడం మంచిది. యాంటీబయాటిక్ వాడుతుండగా ఇస్తే కల్చర్ ఖాళీగా రావచ్చు, కాబట్టి వీలైతే మందు మొదలుపెట్టకముందే ఇవ్వాలి.

నీళ్ల విషయంలో గట్టి ఆధారమే ఉంది. తక్కువ నీళ్లు తాగే అలవాటుండి తరచూ మూత్రాశయ ఇన్‌ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్ష 2018లో వెలువడింది. రోజూ లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవాళ్లకు ఏడాదిలో వచ్చిన ఇన్‌ఫెక్షన్లు మిగతావాళ్లతో పోలిస్తే సగానికి తగ్గాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి రిపోర్టు మళ్లీ చూడండి. చీము కణాలున్నాయి, ఎపిథీలియల్ కణాలు తక్కువే, కల్చర్ ఖాళీ, యాంటీబయాటిక్ ఆపి వారమైంది, మంట మాత్రం రెండు వారాలుగా ఉంది. క్లమీడియా ఇతర జీవకణాల లోపలే పెరుగుతుంది, మామూలు కల్చర్ ప్లేటు మీద ఎన్నాళ్లు ఉంచినా కనబడదు. దానికి జన్యుపదార్థాన్ని పట్టుకునే వేరే పరీక్ష ఉంది. యోని నుంచి దూదిపుల్లతో తామే తీసుకున్న నమూనా చాలు, లేదా మూత్రం చాలు. ఈ మూత్రం శాంపిల్ పద్ధతి మాత్రం తలకిందులు. వదిలేయమన్న మొదటి ధారే ఇక్కడ కావాలి, ఎందుకంటే మూత్రమార్గం గోడల మీద ఉన్నవాటిని కడుక్కుని వచ్చేది అదే. క్లమీడియా అని తేలితే చాలావరకు వారం రోజుల మాత్రలతో నయమవుతుంది. ఆమె భాగస్వామికి ఏ బాధా లేకపోయినా అతనికీ పరీక్ష, చికిత్స చేయించాలి. ఇద్దరి మందూ పూర్తయ్యేదాకా కలయిక ఆపాలి, మూడు నెలల తర్వాత ఆమె మళ్లీ ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.